చిరంజీవి కాకూడని కణం

మన ఇళ్ళల్లో పిల్లలు దణ్ణం పెడితే పెద్దలు "చిరంజీవ" అని దీవిస్తారు. మనిషికి ఆ దీవెన బాగానే ఉంటుంది. ఒంట్లోని కణానికి తగిలితే మాత్రం చిక్కే. పోవలసిన వేళకి పోకుండా, అదుపు లేకుండా పెరిగే కణాలే కాన్సర్ గడ్డలవుతాయి.

ఈ సంగతి మన వారాంతపు బడిలో, పెద్ద తరగతి పిల్లలకి, తెలుగులోనే చెప్పాలని మా అభిప్రాయం. "శుభమా అని పిల్లలు బడికొస్తే చావు కబుర్లేమిటండీ?" అనేవారు ఉంటారని తెలుసు. కానీ ఇండియా నుంచి ఫోను వస్తుంది, తాతగారికి కీమో మొదలుపెట్టారని. మనం వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. ఏదో జరిగిందని పిల్లలకి తెలుస్తుంది, ఏమిటో తెలియదు. హైస్కూల్లో చదివిన బయాలజీ అంతా ఇంగ్లీషులోనే ఉండిపోతుంది. తాతగారిని పలకరించడానికి "బాగున్నారా" తప్ప మరో మాట దొరకదు.

నిజానికి కణం చావడం భయపడవలసిన విషయం కాదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు మన వేళ్ళ మధ్య బాతు కాళ్ళకున్నట్టు పొర ఉంటుంది. అక్కడి కణాలు తమంతట తాము పోతేనే వేళ్ళు విడివడతాయి. ఇలాంటి చావుకి 1972లో పెట్టిన "అపొప్టోసిస్" అన్న పేరు, ఆకులు రాలడాన్ని చెప్పే గ్రీకు మాట.

మరి రాలమని కణానికి ఎవరు చెబుతారు? అది తెలుసుకోవడానికే శాస్త్రవేత్తలు "నాకౌట్" కణాలు తయారు చేస్తారు (బాక్సింగ్ కాదర్రా!). మనిషి నుంచి తీసి లాబులో పెంచుతున్న కణాల్లో ఒకే ఒక్క జన్యువును పనిచేయకుండా చేసి, మిగతావన్నీ అలాగే ఉంచి, మామూలు కణాల పక్కన పెట్టి చూస్తారు. ఏ స్విచ్చు ఏ గదిదో తెలియనప్పుడు ఒక్కొక్కటీ ఆపి చూస్తామే, అలాగన్నమాట.

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం పెద్దపేగు కాన్సర్ కణాల్లో పి53 అనే జన్యువును ఇలాగే తీసేసింది. 1999లో వారు ప్రకటించిన ఫలితం విచిత్రమైనది. పి53 లేని కణాలు ఫ్లోరోయురాసిల్ అనే కాన్సర్ మందుకి చావకుండా మొండికేశాయి. అయితే అన్ని మందులకీ ఇంతే అనుకుంటాం కదా? ఎడ్రియమైసిన్ ఇస్తే అవే కణాలు మామూలు వాటికంటే తేలిగ్గా పోయాయి! లోపం ఒకటే. ఒక మందుకి అడ్డమైంది, ఇంకో మందుకి సాయపడింది. పక్కింటాయనకి పనిచేసిన మందు తాతగారికెందుకు ఇవ్వలేదని ఫోనులో విసుక్కునే ముందు మనకీ ఇది గుర్తుంటే మంచిది. లాబులో కణం మనిషి కాదనుకోండి, అక్కడ జరిగినదంతా ఒంట్లోనూ జరగాలని లేదు.

అప్పట్లో ఒక్క జన్యువును తీయడానికి నెలలు పట్టేది. షార్పెంటియే, డౌడ్నాలకు 2020లో నోబెల్ తెచ్చిపెట్టిన క్రిస్పర్ పద్ధతి వచ్చాక ఆ పని చాలా సులువైంది.

మన బడి తల్లిదండ్రుల్లో లాబుల్లో పనిచేసేవారు ఉన్నారు. వచ్చే ఏడు ఒక్క ఆదివారం, వారిలో ఒకరు అరగంట వచ్చి చెబితే చాలు. "జన్యువు" దగ్గర పిల్లలకి నోరు తిరక్కపోతే జీన్ అనే అననిద్దాం. వాక్యం మాత్రం తెలుగులో పూర్తి చేయిద్దాం. ఆ వారం హోంవర్కు కింద, ఊళ్ళో ఉన్న తాతగారికో అమ్మమ్మకో ఫోను చేసి, కణం కథ చెప్పి రమ్మందాం.