ఊరు లేచిపోతే దేవతలు ఎవరివి?



ఏటూరునాగారం అడవిని 1950లలో అభయారణ్యం చేసిండ్రు. ఆ అడవిల ఉన్నయి జంతువులొక్కటే కాదు. మేడారంలో కోయ పూజారులు కొలిచే సమ్మక్క, సారలమ్మ గద్దెలున్నయి. తాడ్వాయి మండలం దామెరవాయిలో వేల ఏండ్లనాటి రాతి సమాధులున్నయి. హుజూరాబాద్ నుంచి జాతరకు పోయే మనోళ్లలో ఆ సమాధులు చూసినోళ్లు ఎంతమంది?

కవ్వాల్ పులుల అడవి నుంచి మైసంపేట, రాంపూర్ ఊళ్లను ఇప్పటికే తరలించిండ్రు. ఇల్లుకు, భూమికి పరిహారం లెక్క కడతరు. ఊరి దేవతకు, పెద్దల సమాధికి లెక్క ఏది?

దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కు కోసం 1969లో మకులేకే ప్రజలను వెళ్లగొట్టిండ్రు. 1998లో వాళ్ల భూమి వాళ్లకు తిరిగొచ్చింది. అక్కడ మళ్లీ ఊరు కట్టుకోలేదు, జంతువులకే ఉంచిండ్రు. కానీ హక్కు వాళ్లది. పులి, మనం పోటీదారులం కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలె?

అటవీ హక్కుల చట్టం, 2006లోని 5వ సెక్షన్ మన సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. తమ్ముళ్లు, చెల్లెండ్లు, సెలవులకు పోయినప్పుడు పెద్దోళ్లను అడిగి మన గద్దెలు, గుట్టలు, సమాధులు పేరుపేరునా రాయండి. గ్రామసభల తీర్మానం పెట్టించండి. ఊరు ఖాళీ చేయమన్నంక రాస్తే ఎవ్వరూ వినరు.

జై ఆదివాసీ!