లిస్బన్‌లో మన అమ్మాయి ఏం తింటుంది?

ఎమ్మిగనూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. అల్లుడికి పోర్చుగల్ దేశంలో ఉద్యోగమట. వచ్చే నెల అమ్మాయి కూడా పోతోందట. "మేము గుడ్డు కూడా ముట్టం. అక్కడ చేపలూ, పంది మాంసమూ, ద్రాక్షసారా తప్ప ఇంకేమీ ఉండవంటున్నారు. పిల్ల ఏం తిని బతుకుతుందో చెప్పండి" అని అడిగారు.

ఈ ఉత్తరం చదివి నాకు నవ్వు రాలేదు. మా అమ్మాయి పెళ్ళయి లిస్బన్ వెళ్ళిన కొత్తలో నేనూ ఇలాగే చిప్పగిరిలో కూర్చుని దిగులు పడ్డాను. ఫోన్ చేసినప్పుడల్లా "ఏం తిన్నావే?" అంటే "తిన్నాలే మా" అనేది. ఫోనులో ముఖమే కదా కనిపించేది! ఎనిమిది నెలల తర్వాత నేను అక్కడ దిగి చూస్తే గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఫ్రిజ్ తెరిస్తే పాలు, బ్రెడ్డు, అరటిపళ్ళు. అంతే.

సంగతేమిటంటే, వెళ్ళిన మొదటి వారంలో ఒక హోటల్లో ఆకుకూర సూపు తెప్పించుకుందట. మాంసం లేదని అడిగి మరీ తీసుకుంది. సగం తాగాక గిన్నె అడుగున ఎర్రగా ఒక బిళ్ళ తేలింది. పంది మాంసంతో చేసే 'శోరీసు' ముక్క. అప్పటి నుంచి బయట ఏదీ నోట పెట్టలేదు. అల్లుడు మధ్యాహ్నం ఆఫీసులోనే తింటాడు కాబట్టి ఆయనకూ తెలియలేదు. ఇంట్లో వండుకోవాలన్నా ఒక్కదానికి ఏం వండుతాంలే అని మానేసింది.

ఆ హోటల్ వాళ్ళు మోసం చేశారని నేననను. వాళ్ళ దృష్టిలో అది మాంసం వంటకం కాదు. మనం పప్పులో ఇంగువ వేసినట్లు వాళ్ళు వాసనకు ఒక ముక్క వేస్తారు. అందుకే "మాంసం ఉందా?" అని అడిగితే చాలదు. 'సెం కార్న్' అంటే మాంసం లేకుండా, 'సెం పెయ్ష్' అంటే చేప లేకుండా, 'సెం శోరీసు' కూడా కలిపి చెప్పాలి. 'బాన్య' అంటే పంది కొవ్వు. కొన్ని రొట్టెల్లో, మిఠాయిల్లో వేస్తారు కాబట్టి పొట్లం మీద ఆ మాట ఉందేమో చూసుకోవాలి. 'వాక' అంటే ఆవు మాంసం. ఈ నాలుగైదు మాటలు కాగితం మీద రాసి అమ్మాయి పర్సులో పెట్టండి. ధన్యవాదాలకు ఆడవాళ్ళు 'ఒబ్రిగాద' అనాలి, మగవాళ్ళు 'ఒబ్రిగాదు' అనాలి.

ఇంకో చిన్న విషయం. హోటల్లో కూర్చోగానే అడగకుండానే రొట్టె, ఆలివ్ కాయలు, వెన్న తెచ్చి పెడతారు. మర్యాదకు ఇచ్చారనుకుంటాం. తింటే బిల్లులో వేస్తారు. వద్దనుకుంటే వెనక్కి పంపేయవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. నేను మొదటి రోజే ఆలివ్ కాయలకు డబ్బు కట్టాను. అవి ఉప్పగా, చేదుగా ఉన్నాయి కూడా!

ఇక వాళ్ళ భోజనం. ఎక్కడ చూసినా ఎండు చేపే. కాడ్ అనే పెద్ద చేపను ఉప్పు పట్టించి ఎండబెట్టి, దుకాణాల్లో పలకల్లా పేర్చి పెడతారు. 'బకల్యావ్' అంటారు. వండే ముందు ఒకటి రెండు రోజులు నీళ్ళు మార్చి మార్చి నానబెట్టాలి. తినేవాళ్ళు బాగుంటుందంటారు. నాకైతే ఆ వీధి దాటేదాకా కొంగు ముక్కు మీదే.

కానీ మన వాళ్ళు భయపడేంత లేదు సుమా! ఐరోపాలో అందరికంటే ఎక్కువ బియ్యం తినేది పోర్చుగీసులేనని పేరు. దుకాణంలో 'అగూల్య' అని రాసి ఉన్నది కొంటే పొడవు గింజ, అన్నం పొడిపొడిగా వస్తుంది. 'కారొలీను' రకం మెత్తగా ముద్దవుతుంది, పొంగలికీ పాయసానికీ బాగు. టమోటా అన్నం, చిక్కుడు గింజల అన్నం వాళ్ళూ చేసుకుంటారు. అలసందలు, పెద్ద శనగలు, పచ్చి కొత్తిమీర, తెల్లగడ్డ అన్నీ దొరుకుతాయి. కొత్తిమీర వాడకంలో ఐరోపావాళ్ళలో వీళ్ళదే పైచేయి. పోర్చుగల్ దక్షిణాన అలెంతేజు అనే ప్రాంతంలో కొత్తిమీర, తెల్లగడ్డ నూరి వేడి నీళ్ళు పోసి రొట్టె నానవేసి తింటారు. మన చారులో రొట్టె వేసుకున్నట్లే. కందిపప్పు, చింతపండు కావాలంటే లిస్బన్‌లో మార్తిం మొనీజ్ అనే పేటకు వెళ్ళాలి. మన దేశం వాళ్ళవీ, బంగ్లాదేశ్ వాళ్ళవీ దుకాణాలు వరుసగా ఉంటాయి.

మా అమ్మాయికి ఆకలి తిరిగి వచ్చింది మాత్రం బజ్జీలతో. పక్కింటి పెద్దావిడ ఒకరోజు బీన్స్‌కాయలు పిండిలో ముంచి వేయించి తెచ్చింది. పేరు 'పెయ్షీన్యుష్ ద ఒర్త', అంటే తోటలోని చిన్న చేపలట! చేప అనేసరికి మా అమ్మాయి వెనక్కి జరిగింది. ఆవిడ కాయ విరిచి చూపించింది. పిండిలో గుడ్డు కలిపారని తెలిసి మేం తినలేదు గానీ, మర్నాడు నేను శనగపిండితో చేసి ఆవిడకు పంపాను. ఈ వంటకమే పోర్చుగీసుల వెంట జపాను వెళ్ళి అక్కడ 'తెంపురా' అయిందని చెబుతారు. ఆ సాయంత్రం అమ్మాయి "మా, ఉగ్గాని కూడా చేస్తే బాగుండు" అంది. మార్తిం మొనీజ్‌లో బొరుగులు వెతికి తెచ్చాం. ఎనిమిది నెలల్లో ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది అదే మొదటిసారి.

ఆ మాటకొస్తే మన బజ్జీల్లో మిరపకాయ ఎవరిది? 1510లో గోవా పట్టుకున్న పోర్చుగీసుల ఓడల్లో వచ్చిందే. 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు హంపీ చూసి, అంగళ్ళలో బియ్యం, పెసలు, ఉలవలు ఎంత చవకో రాసిపెట్టాడు. అప్పటికి మన వంటలో కారమంటే మిరియాలే. జీడిమామిడి, అనాస, బొప్పాయి కూడా వాళ్ళు తెచ్చినవే. మనం రోజూ అనే బాల్చీ, బొత్తాం, తువ్వాలు, ఇస్త్రీ వాళ్ళ మాటలే. ఇంత ఇచ్చిన వాళ్ళ ఊళ్ళో మన పిల్ల పస్తుండడమా అనిపించింది నాకు.

తాగేవాటికి వస్తే, కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగవచ్చు. కాఫీ అంటే చిన్న చెంబుమూతంత కప్పులో నల్లటి చేదు డికాక్షన్ ఇస్తారు. మన కాఫీ కావాలంటే 'మెయ దలైత్' అడగాలి, సగం పాలు. 'గలావ్' అంటే గ్లాసు నిండా పాలు, కాస్త కాఫీ. మధ్యాహ్న భోజనంలోనే ద్రాక్షసారా పెట్టుకోవడం వాళ్ళకు మామూలు. వద్దంటే బలవంతం చేయరు. అయితే కొన్ని కూరల్లోనూ పోస్తారని గుర్తుంచుకోండి. చూడముచ్చటగా ఉండే 'పస్తెల్ ద నాత' అనే తీపి గిన్నెల్లో గుడ్డు పచ్చసొన ఉంటుంది.

సామానులో నెయ్యి, పాలకోవా పెట్టకండి. పాల పదార్థాలు ఐరోపాలోకి తీసుకెళ్ళనివ్వరు. కరివేపాకు రెమ్మలూ వద్దు. శెనక్కాయల పొడి, నువ్వుల పొడి, ఎండు మిరపకాయలు గట్టిగా మూట కట్టి పంపండి.

అమ్మాయిని భయపెట్టిన ఆ సూపునే తర్వాత ఇంట్లో చేయడం నేర్చుకున్నాం. పేరు 'కాల్దు వేర్ద్', పచ్చ చారు అని. ఉర్లగడ్డలు అర కిలో, ఎర్రగడ్డ ఒకటి, తెల్లగడ్డ రెబ్బలు మూడు తరిగి, లీటరున్నర నీళ్ళలో ఉప్పు వేసి మెత్తగా ఉడికించి మెదపాలి. 'కౌవ్' అనే ముదురాకుపచ్చ కోసుకూర ఆకులను చుట్టచుట్టి వెంట్రుకల్లా సన్నగా తరగాలి. సంతలో అడిగితే తరిగే ఇస్తారు. మరుగుతున్న చారులో వేసి, ఆకు పచ్చదనం పోకముందే, అయిదు నిమిషాల్లో దించి పైన రెండు చెంచాల ఆలివ్ నూనె పోయాలి. వాళ్ళు మొక్కజొన్న రొట్టెతో తింటారు. మా అమ్మాయి మాత్రం ఎండుమిరప, జీలకర్ర తిరగమోత పెట్టుకుని అన్నంలో పోసుకుంటుంది.