రెండు బాస్ గిటార్లు ఎందుకంటే

మన మ్యూజిక్ క్లబ్ గదిలో రెండు బాస్ గిటార్లున్నాయి. వాటిలో ఒకటి అమ్మేసి ఆ డబ్బుతో ఫెస్ట్‌కి ఇంకో మైకు కొందామని ఈ సెమిస్టర్ మొదట్లో ఒక ప్రపోజల్ వచ్చింది. వాదన సింపుల్. రెండూ నాలుగు తీగలే, రెండూ ధమ్ ధమ్ అనే కదా మోగేది. పైగా ఫోన్‌లో బాస్ ఎవరికీ వినపడదు. మరీ కావాలంటే ల్యాప్‌టాప్‌లో ప్లగిన్ ఉంది. ఈ మూడు మాటలూ తప్పని నా అభిప్రాయం. మూడోది కొంచెం తక్కువ తప్పు.

ముందు ఆ రెండూ ఏమిటో చెప్తాను, ఎందుకంటే మీటింగ్‌లో చేతులెత్తినవాళ్ళలో సగం మంది వాటిని కేసులోంచి బయటకు తీసి చూడలేదు. ఒకటి ప్రెసిషన్ తరహా, రెండోది జాజ్ తరహా. పాస్ అవుట్ అయిన సీనియర్లు వదిలి వెళ్ళినవి. రెండూ "వింటేజ్ స్టైల్", అంటే 60ల నాటి డిజైన్‌ని చూసి ఈ మధ్య తయారు చేసిన నకళ్ళు. నిజంగా 60ల నాటివే అయ్యుంటే మన క్లబ్ గది తాళాన్ని నమ్మి అక్కడ పెట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

అసలు డిజైన్ అమెరికాలోది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్ళో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బాస్ తెచ్చాడు. అంతకు ముందు బ్యాండ్‌లో బాస్ అంటే మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే చెక్క వాయిద్యమే. మోయడం కష్టం, ట్రంపెట్లూ డ్రమ్సూ అందుకుంటే దాని మోత వినపడటం ఇంకా కష్టం. పైగా దానికి ఫ్రెట్లు ఉండవు, స్వరం ఎక్కడుందో వేలికే తెలియాలి. లియో ఫెండర్ దాన్ని గిటార్ లాగా మెడలో వేసుకునేలా చేసి, ఫ్రెట్లు కొట్టి, కరెంటు పెట్టాడు. ఫ్రెట్ల వల్ల స్వరం కచ్చితంగా పడుతుంది కాబట్టే ఆ పేరు, ప్రెసిషన్. సరదా ఏంటంటే ఆయనకి గిటార్ వాయించడం రాదు. రేడియోలు రిపేరు చేసుకునే మనిషి. మన ఈసీఈ వాళ్ళు కాలరెగరేసుకోవచ్చు.

1957లో దాని పికప్ మార్చారు. ఒకే ముక్కగా ఉన్నదాన్ని రెండు ముక్కలు చేసి, లావు తీగలు రెండిటికి ఒకటి, సన్న తీగలు రెండిటికి ఒకటి పెట్టారు. 1960లో జాజ్ బాస్ వచ్చింది. దీనికి రెండు వేరు వేరు పికప్‌లు, ఒకటి మెడ వైపు, ఒకటి బ్రిడ్జ్ దగ్గర. నెక్ సన్నం. తీగ పొడవు మాత్రం రెండిటికీ ఒకటే, 34 అంగుళాలు. కాగితం మీద చూస్తే ఇంతే తేడా. "రెండూ ఒకటే కదా అక్కా" అని ఒక జూనియర్ అన్నది ఈ కాగితం చూసే.

గత నెల మన సాహిత్య క్లబ్ కవిత ఒకదానికి ట్యూన్ కట్టి రికార్డ్ చేశాం. ఆ వంకతో రెండు బాస్‌లనీ ఒకేలా పరీక్షించాను. రెండిటికీ ఒకే రకం కొత్త తీగలు, ఒకే రోజు వేశాను. ఒకే ఇంటర్‌ఫేస్, ఒకే కేబుల్, ఒకే వేళ్ళు. టేకులు రెండిటి లెవెల్ సమానం చేశాకే విన్నాం. ఇది చాలా ముఖ్యం. కొంచెం గట్టిగా మోగేది మన చెవికి ఎప్పుడూ మంచిగానే అనిపిస్తుంది. యూట్యూబ్‌లో చేసే పోలికల్లో చాలావాటికి విలువ లేకుండా పోయేది ఇక్కడే. ఇంకొకటి, ఇంటర్‌ఫేస్‌లో "ఇన్‌స్ట్రుమెంట్" అనే బటన్ నొక్కి ఉండాలి. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు తిప్పిన సన్నటి రాగి తీగ. దాని ఇంపీడెన్స్ ఎక్కువ. దాన్ని తీసుకెళ్ళి మామూలు లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే ఆ లోడ్‌కి పై ఫ్రీక్వెన్సీలు చచ్చిపోయి దుప్పటి కప్పినట్టు మోగుతుంది. ఒక మెగా ఓమ్ దగ్గర్లో ఉన్న ఇన్‌పుట్ కావాలి. సెకండ్ ఇయర్‌లో మాక్సిమం పవర్ ట్రాన్స్‌ఫర్ చదివి ఇంపీడెన్స్ ఎప్పుడూ సమానంగా ఉండాలనుకునేవాళ్ళు ఈ ఒక్క పాయింట్ కోసమైనా రికార్డింగ్‌కి రావాలి.

మొదటి తేడా వాయించక ముందే వినపడింది. జాజ్ బాస్‌లో ఒక పికప్ తగ్గించి రెండోది ఒక్కటే పెడితే గుయ్యిమని హమ్. మన గదిలో ట్యూబ్‌లైట్ చోక్, ఫ్యాన్ రెగ్యులేటర్, ల్యాప్‌టాప్ ఛార్జర్ కలిసి కచేరీ చేస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. బాస్‌లో లావు తీగ మూడో ఫ్రెట్ దగ్గర పలికే జి స్వరం 49 హెర్ట్జ్. మన పాట ఆ శ్రుతిలోనే ఉంది! అంటే మన ఆధార స్వరానికి ఒక్క హెర్ట్జ్ దూరంలో కరెంటు కూర్చుని ఉంది. ఆ స్వరం పట్టి ఉంచితే సెకనుకోసారి ఉబ్బి తగ్గుతున్నట్టు ఉంటుంది. ఈక్వలైజర్‌తో 50 కోసేస్తే పాట పునాది కూడా దాంతోపాటే పోతుంది. అమెరికావాళ్ళకి కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి వాళ్ళ బాధ ఇంకో స్వరం దగ్గర.

ప్రెసిషన్‌లో ఈ గొడవే లేదు. ఆ రెండు ముక్కల పికప్‌లో ఒకదాని చుట్లు, అయస్కాంతం రెండూ రెండోదానికి వ్యతిరేకం. బయట నుంచి వచ్చే హమ్ రెండిటిలో ఎదురెదురుగా పుట్టి రద్దవుతుంది, తీగ సిగ్నల్ మాత్రం మిగులుతుంది. జాజ్‌లో కూడా రెండు పికప్‌లూ సమానంగా తెరిస్తే ఇదే జరుగుతుంది, కానీ అప్పుడు మీకు ఆ ఒక్క సౌండే దొరుకుతుంది. లైట్లన్నీ ఆర్పి, ఛార్జర్ పీకి, చీకట్లో వాయించాను. హాస్టల్ వార్డెన్ వచ్చి ఏం జరుగుతోందని అడిగింది వేరే కథ.

ఇక సౌండ్. ఒంటరిగా వింటే జాజ్ గెలిచింది, అందులో అనుమానం లేదు. పేర్లు చెప్పకుండా వినిపిస్తే గదిలో ఉన్నవాళ్ళందరూ దాన్నే చూపించారు. స్పష్టంగా, కొంచెం గుర్రుమంటూ, ప్రతి వేలి దెబ్బ విడిగా వినపడుతుంది. దీనికి కారణం ఫిజిక్సే. రెండు పికప్‌లు తీగని రెండు చోట్ల వింటాయి. కొన్ని హార్మోనిక్స్‌కి ఒకచోట తీగ పైకి కదిలితే రెండో చోట కిందికి కదులుతుంది. కలిపితే అవి రద్దవుతాయి. అందుకే మధ్యలో కొంత ఖాళీ అయి, పైనా కిందా మెరుస్తుంది. బ్రిడ్జ్ పికప్ ఒక్కటే పెడితే, అక్కడ తీగ ఊగేదే తక్కువ కాబట్టి కండ తగ్గి ముక్కుతో పాడినట్టు వస్తుంది. జాకో పాస్టోరియస్ 1962 నాటి జాజ్ బాస్‌కి ఫ్రెట్లు లేకుండా చేసి, చెక్క మీద ఎపాక్సీ పూసి, ఈ ముక్కు సౌండ్‌నే పాడే గొంతుగా మార్చాడు. 1976లో వచ్చిన అతని మొదటి ఆల్బమ్ వినండి. బాస్ అంటే వెనకాల ఉండేదే అన్న మాట మళ్ళీ అనరు.

కానీ అదే టేకుని ఢోలక్, కీబోర్డ్, రెండు గిటార్లు, గొంతు మధ్య పెడితే జాజ్ మాయమైంది. ఫేడర్ పెంచితే గొంతుకి అడ్డం వస్తుంది, దించితే లేనట్టే. ఆ ఖాళీ అయిన మధ్య భాగంలోనే కదా మిగతా వాయిద్యాలన్నీ కూర్చున్నాయి. ప్రెసిషన్ ఒంటరిగా వింటే మొద్దుగా, ఏమీ ప్రత్యేకత లేనట్టు ఉంటుంది. మిక్స్‌లో పెట్టాక మాత్రం ఏమీ చేయక్కర్లేదు. టోన్ సగానికి తిప్పాను, అంతే. పాట నేల మీద నిలబడింది. మృదంగంలో ఎడమ వైపు రవ్వ ముద్ద అంటించకుండా వాయిస్తే ఎలా ఉంటుందో, బాస్ ట్రాక్ మ్యూట్ చేస్తే పాట అలా అయింది.

చివరికి పల్లవి, చరణాలు ప్రెసిషన్ మీద, గొంతు లేని ఇంటర్‌లూడ్ జాజ్ మీద రికార్డ్ చేశాం. ఒక్కటే ఉంచమని నా మెడ మీద కత్తి పెడితే ప్రెసిషన్ అంటాను, మనసుకి జాజ్ ఇష్టమైనా సరే. రికార్డింగ్ వరకూ అదే నా తీర్పు.

ఇప్పుడు ఫోన్ సంగతి. బాస్ లావు తీగ 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ ఆ దరిదాపులకు రాదు, ఒప్పుకుంటాను. అయినా స్వరం వినపడుతుంది. పాత టెలిఫోన్ లైన్లు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపేవి. మగవాళ్ళ గొంతు ఆధార ఫ్రీక్వెన్సీ 100, 120 దగ్గర ఉంటుంది. మరి తాతయ్య ఫోన్‌లో మాట్లాడితే ఆడగొంతులా వినపడిందా? లేదు. 82, 123, 164 ఇలా హార్మోనిక్స్ వరుస వింటే, వాటి మధ్య దూరాన్ని బట్టి మెదడు లేని 41ని నింపుకుంటుంది. కాబట్టి ఫోన్ కోసం కావాల్సింది బాస్ తీసేయడం కాదు, ఆ పై హార్మోనిక్స్ గట్టిగా ఉన్న బాస్. అది కూడా ప్రెసిషన్ పక్షమే. ట్రాక్‌ని కాపీ చేసి, ఆ కాపీకి కాస్త డిస్టార్షన్ కలిపి, కింది భాగం కోసి, సన్నగా కలిపితే ఫోన్‌లో కూడా లైన్ మొత్తం తెలుస్తుంది. మన పాటకి అదే చేశాం.

ప్లగిన్ గురించి. డెడ్‌లైన్ రేపు ఉదయం అయితే నేనూ ప్లగినే వాడతాను, దానికి సిగ్గు లేదు. కానీ బాస్‌లో స్వరం ఎక్కడ మొదలైందన్నదాని కంటే ఎక్కడ ఆగిందన్నది ముఖ్యం. ఎడమ చేతి వేలు లేపి స్వరాన్ని నొక్కేసే ఆ క్షణం, ఢోలక్ వాయించేవాడి మొహం చూస్తూ వేస్తారు. మౌస్‌తో గీసిన లైన్‌లో ప్రతి స్వరం పొడవునీ కూర్చుని సరిచేసే ఓపిక మనలో ఎవరికీ లేదు, కాబట్టి అన్నీ ఒకే పొడవులో వస్తాయి.

"వింటేజ్" మోజు ఉన్నవాళ్ళకి ఒక మాట. 1965లో లియో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్‌కి 13 మిలియన్ డాలర్లకి అమ్మాడు. అంతకు ముందు చేసినవాటికి "ప్రీ సీబీఎస్" అని పేరు పెట్టి కలెక్టర్లు ఇప్పుడు లక్షల్లో కొంటారు. ఆ పాత చెక్క, ఆ వార్నిష్ మన నకళ్ళలో లేవు. పికప్ ఎక్కడుంది, తీగ పొడవెంత, సర్క్యూట్ ఎలా ఉంది అన్నవి ఉన్నాయి. నా చెవికి మిగతాదంతా తీగలు, వేళ్ళు. డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ 1962 ప్రెసిషన్ మీద, లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలతో, కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితో వాయించాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదని చెప్తారు. లోకం మొత్తం వెతికే ఆ "వింటేజ్ టోన్" ఆ రోజుకి ఒక కొత్త గిటార్, కొన్ని పాత తీగలు.

అదే జేమర్సన్ పేరు 60ల మోటౌన్ రికార్డుల మీద ఉండేది కాదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ "వాట్స్ గోయింగ్ ఆన్" అట్ట మీద వచ్చింది. అతను 1983లో పోయాడు, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 2000లో తీసుకున్నారు. మనం మాత్రం తక్కువా? ఇళయరాజా బాస్ లైన్లు వింటూ పెరిగిన ఇళ్ళ నుంచి వచ్చాం. 1989 నాటి గీతాంజలి పాటలు హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని బాస్ ఒక్కదాన్నే వెంబడించి చూడండి, పాట కింద ఇంకో పాట ఉంటుంది. ఆయన దగ్గర ఏళ్ళ తరబడి బాస్ వాయించిన శశిధరన్ పేరు మన క్లబ్‌లో ఇద్దరికి తెలిస్తే గొప్ప. పోయినసారి ఫెస్ట్ వీడియో కింద గాయని, రచయిత, కీబోర్డ్, గిటార్, కెమెరా, చివరికి సమోసాలు తెచ్చినవాడి పేరు కూడా వేశారు. బాస్ వాయించిన ఫస్ట్ ఇయర్ అమ్మాయి పేరు లేదు. ఈసారి వేయండి.

ఆ అమ్మాయి నేర్చుకున్నది జాజ్ మీద. దాని నెక్ నట్ దగ్గర 38 మిల్లీమీటర్లే, మన ప్రెసిషన్‌ది 42. నాలుగు మిల్లీమీటర్లేగా అంటారు. చిన్న చేతితో మొదటి ఫ్రెట్ దగ్గర అరగంట పట్టుకుని చూసి అప్పుడనండి. నేను రికార్డింగ్‌కి ప్రెసిషన్ అన్నాను కదా అని జాజ్ అమ్మేస్తే, వచ్చే ఏడాది రికార్డ్ చేయడానికి బాస్ ఉంటుంది, వాయించడానికి మనిషి ఉండరు. మనం ఫైనల్ ఇయర్, జూన్‌కి వెళ్ళిపోతాం.

మైకు కావాలి, నిజమే. కీబోర్డ్ స్టాండ్ వెనకాల ఒక పాత పవర్ యాంప్లిఫయర్ ఉంది, ఒక ఛానెల్ ఇంకా పనిచేస్తుంది. మూడేళ్ళుగా దాని మీద టీ గ్లాసులు పెట్టడం తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. దానికి బేరం పెట్టండి. రెండు బాస్‌ల టేకులూ, కలిపిన పాటా క్లబ్ డ్రైవ్‌లో పెట్టాను, ఫైళ్ళకి ఒకటి, రెండు అని మాత్రమే పేర్లున్నాయి. శుక్రవారం మీటింగ్‌కి ముందు హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి విని రండి.