‘కుదరదు’ అనే ముందు

మియాపూర్ మెట్రో స్టేషను మెట్లు దిగగానే హాస్టళ్ల బోర్డులు, వాటి పక్కనే స్టడీ హాళ్ల బోర్డులు. నెలకింతని కడితే ఒక కుర్చీ, ఒక ప్లగ్గు, ఏసీ గాలి. గ్రూప్స్‌కు చదివే పిల్లలు పొద్దున వచ్చి రాత్రికి పోతారు. పుస్తకాలు మాత్రం ఎవరివి వాళ్లే మోసుకు రావాలి. ఆ వీధుల్లోనే ఇళ్లున్నవాళ్లు ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే డబ్బు అది. కడుతున్న సంగతి చాలామందికి తెలియదు.

ఈ తెలియకపోవడం గ్రంథాలయంలో బల్లకు అటువైపూ ఉంది. చట్టం అనగానే మన లైబ్రేరియనుకు గుర్తొచ్చేవి ఆడిట్, పుస్తకం పోతే జీతంలో కోత. అందుకే ఏది అడిగినా ముందు నోటికొచ్చేది ‘కుదరదు’. ఈ ‘కుదరదు’లు చాలావరకు చట్టంలో లేవు.

జిరాక్సు సంగతే చూడండి. సొంత చదువుకు, పరిశోధనకు న్యాయంగా తీసుకున్న నకలును 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను ఉల్లంఘనగా చూడదు. ఇన్ని పేజీలేనన్న లెక్క అందులో లేదు. అక్కడక్కడా వినిపించే పది శాతం నిబంధనను ఎవరు పుట్టించారో! దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే, వ్యాపారం చేయని ప్రజా గ్రంథాలయం తన వాడకానికి మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చు. తన దగ్గర అచ్చు ప్రతి ఉంటే, భద్రపరచడానికి డిజిటల్ రూపంలోనూ దాచుకోవచ్చు. 2012 సవరణ ఇచ్చిన వెసులుబాటు ఇది. మళ్లీ అచ్చుకాని తెలుగు పుస్తకాలకు చెదలు పడుతున్న బీరువాల ముందు నిలబడి చదువుకోవలసిన సెక్షను.

మియాపూర్‌కు కొద్ది దూరంలో గచ్చిబౌలి. అక్కడి ట్రిపుల్ ఐటీ, కంప్యూటరు శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల స్కానింగు పథకానికి ముఖ్య కేంద్రంగా ఉండేది. ఆ పథకంలో పుట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో ఎన్నో పాత తెలుగు పుస్తకాలు చేరాయి. కాపీరైటు చిక్కుల వల్ల 2017లో ఆ సైటు మూతపడింది. ఏ పుస్తకానికి హక్కు తీరింది, దేనికి తీరలేదు అని ఏరడం స్కానరుకు చేతకాదు, అది లైబ్రేరియను పని. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కవేయాలి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు కనుక 2022 నుంచి ఆయన కథలు అందరివీ. విశ్వనాథ సత్యనారాయణ 1976లో పోయారు, ‘వేయిపడగలు’ 2036 చివరిదాకా వారసులదే. పక్కపక్కన ఒకే అరలో ఉండే పుస్తకాలివి.

ఇక సమాచార హక్కు. 2005 చట్టం నాలుగో సెక్షనులో ఒక ముచ్చటైన మాట ఉంది: ప్రజల కోసం గ్రంథాలయమో పఠన మందిరమో నడుపుతుంటే, దాని వేళలను ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ఫైళ్లు తెరిపించడానికి పుట్టిన చట్టానికి చదువుకునే గది కూడా గుర్తుంది. గ్రంథాలయాన్నే ప్రశ్నించడానికీ ఆ చట్టం పనికొస్తుంది. ఈ ఏడాది ఏ పుస్తకాలు కొన్నారు, ఎంతకు కొన్నారు అని ఎవరైనా అడిగితే చెప్పి తీరాలి. ఫలానా మనిషి ఏ పుస్తకం తీసుకెళ్లాడని అడిగితే మాత్రం గట్టిగా కాదనాలి. ‘కుదరదు’ అనవలసిన చోటు అదీ. ఎవరు ఏం చదువుతున్నారన్నది పక్కింటివాడికీ, కన్నతండ్రికీ అక్కర్లేని సంగతి.

చెప్పి తీరాల్సినదానికీ కాదనాల్సినదానికీ మధ్య ఉన్న ఈ గీతను 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం కొంచెం చెరిపింది. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె)లో ప్రజాప్రయోజనం కోసమైతే చెప్పవచ్చన్న మాట తీసేసింది. రేపు కొనుగోళ్ల ఫైలు అడిగినా ‘వ్యక్తిగతం’ అని తలుపు వేసేవారుంటారు. అదే చట్టంలోని 8(2) ఇంకా బతికే ఉందని, ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇవ్వవచ్చని వాళ్లకు గుర్తు చేయాలి.

మియాపూర్ పాఠకులకు ఒక మనవి. ఇంట్లో ఉన్న ఆస్తి పన్ను రసీదు తీసి, అందులో గ్రంథాలయ పన్ను ఎంతో లెక్క కట్టండి. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థకు చేరిందా, మీ పేటలో దేనికి ఖర్చయిందని సమాచార హక్కు కింద తెల్లకాగితం మీద అడగండి. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. వచ్చిన జవాబు మాకు పంపండి, అచ్చు వేస్తాం.