ఎర్ర పెన్నుతో 'గుడ్' అని రాశాను



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి పిల్లవాడి తల్లి నా ఎదురుగా కూర్చుని, "మేడం, మావోడు ఎప్పుడు చూసినా ఆ జపాన్ బొమ్మలే చూస్తాంటాడు. మీరన్నా చెప్పండి, మా మాట వినడు" అన్నారు. చెప్తానమ్మా అన్నాను. ఆమెకు చెప్పనిది ఒకటుంది. ఆ బొమ్మలు నేనూ చూస్తాను. బీఈడీ చదివేటప్పుడు హాస్టల్లో అంటుకున్న అలవాటు.

మీ ఇంట్లోనూ ఇదే గొడవ ఉండొచ్చు. 2025 సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చినప్పుడు మా క్లాసులో వారం రోజులు వేరే కబురు లేదు. కొట్టిపారేసే ముందు ఒక్క ఎపిసోడ్ కథ వినండి.

మసాషి కిషిమొటో 1999లో మొదలుపెట్టిన బొమ్మల కథ 'నరుటో'. 2002 నుంచి టీవీలో వచ్చింది. అందులో 19వ ఎపిసోడ్ ఒక వంతెన మీద జరుగుతుంది. జబుజా కిరాయికి చంపే కత్తివీరుడు. హాకు అతని వెంట ఉండే కుర్రవాడు. ఎవరూ లేక మంచులో వీధిన పడి ఉన్నప్పుడు జబుజా చేరదీశాడు. ఎందుకంటే వాడిలో ఉన్న శక్తి పనికొస్తుందని. నువ్వు నా ఆయుధానివి అన్నాడు. హాకు బాధపడలేదు, సంతోషించాడు. ఒకరికి పనికొస్తున్నాను కదా, అంతే చాలనుకున్నాడు. నరుటో చేతిలో ఓడిపోగానే, ఇక నేను ఆయనకు పనికిరాను, నన్ను చంపెయ్ అని అడుగుతాడు. ఆఖరికి జబుజా మీదికి వచ్చే దెబ్బకు తానే అడ్డం పడి ప్రాణం వదులుతాడు.

అప్పటికీ జబుజా కరగడు. డబ్బిచ్చి పిలిపించిన గాటో అనే వ్యాపారి వచ్చి హాకు శవాన్ని కాలితో తంతాడు. అయినా మాట్లాడడు. ఆ పిల్లవాడు నీకోసం చచ్చిపోయాడే, నీకేమీ అనిపించదా అని నరుటో ఏడుస్తూ నిలదీస్తాడు. అప్పుడు జబుజా కళ్ళలో నీళ్ళు. రెండు చేతులూ పనిచెయ్యని స్థితిలో నోట కత్తి కరుచుకుని వెళ్ళి గాటోను చంపి, నన్ను హాకు పక్కన పడుకోబెట్టండి అంటాడు. మంచు పడుతుంది.

పిల్లలు దీన్ని హాకు విశ్వాసం కథగా చెప్పుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మనకు అలవాటైన రుచే కదా. 'దానవీరశూరకర్ణ' 1977లో వచ్చింది, ఈరోజు టీవీలో వేసినా ఇంట్లో పెద్దవాళ్ళు రిమోట్ వదలరు. కుంతి వచ్చి కన్నతల్లిని అన్నా దుర్యోధనుణ్ణి వదలని కర్ణుడంటే మనకు ప్రాణం. ఇచ్చిన మాట, తిన్న ఉప్పు, అంతవరకే మన చూపు.

కానీ హాకు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటాడు. ఆ కథలో మారేది జబుజా, అంటే పెద్దవాడు. అదీ పిల్లవాడు పోయాక మారతాడు. ఆ ఆలస్యమే నన్ను పట్టుకుంది.

ఎందుకు పట్టుకుందో చెప్తాను. మీటింగ్ అయిన వారానికి ఇంగ్లిష్ కాంపోజిషన్ నోట్సులు ముందేసుకున్నాను. అంశం 'నా లక్ష్యం'. ఆ అబ్బాయి రాసింది ఇది: నాన్న నాకోసం కువైట్‌లో ఎండలో బండి నడుపుతున్నారు, నేను ఆయనకు ఉపయోగపడాలి, ర్యాంకు రాకపోతే నేను ఇంట్లో ఉండి ఏం ఉపయోగం. ఈ పేజీ నేను అంతకుముందే ఒకసారి దిద్దాను. రెండు స్పెల్లింగులు, ఒక ఆర్టికల్ సరిచేసి, కింద ఎర్ర పెన్నుతో 'గుడ్' అని రాసి సంతకం పెట్టాను. చదివాను, దిద్దాను, కానీ వినలేదు.

(ఇది ఆ తల్లి అనుమతితోనే రాస్తున్నాను. ఏ ఇల్లో మీకు తెలియదు లెండి. మన రాయచోటిలో వీధికి నలుగురు నాన్నలు కువైట్‌లోనే ఉన్నారు.)

ఆ మాట వాడికి ఎవరు నేర్పారు? వాళ్ళ అమ్మ అనలేదు, నాన్న అనలేదు. కానీ ఫోన్ చేసిన ప్రతిసారీ మొదటి ప్రశ్న మార్కులదే. ఫీజు కట్టిన రోజు, నీకోసమే కదరా ఇదంతా అనే మాట. మేము గోడకు అంటించే ర్యాంకుల లిస్టు. ఏదీ పిల్లవాణ్ణి ఆయుధం అనదు. అన్నీ కలిసి వాడి చెవిలో అలాగే పడతాయి. మార్కులు అడగొద్దని నేను చెప్పను, నేనే రోజూ అడుగుతాను. ముందు వేరే ఏదన్నా అడగమంటున్నాను.

ఒక జాగ్రత్త. నెత్తురు, కత్తిపోట్లు ఉన్నాయి కాబట్టి చిన్న తరగతుల వాళ్ళకు ఈ ఎపిసోడ్ చూపించకండి. పెద్ద పిల్లలైతే పక్కన కూర్చుని మీరూ చూడండి. అరగంట కూడా పట్టదు.

ఆ అబ్బాయి నోట్సు మళ్ళీ తెప్పించుకుని, 'గుడ్' కొట్టేసి, నాతో ఒకసారి మాట్లాడు అని రాశాను. వచ్చాడు. జబుజా కథతోనే మొదలుపెట్టాం. మేడంకు కూడా ఇది తెలుసా అని నోరెళ్ళబెట్టాడు. సాయంత్రం వాళ్ళ అమ్మకు ఫోన్ చేసి నోట్సు సంగతి చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "శుక్రవారం వాళ్ళ నాయనకు సెలవు మేడం, ఆ పొద్దు చెప్తాను" అన్నారు.

శనివారం పిల్లవాడు స్టడీ అవర్‌కు కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. నాన్నకు మొదటి ఎపిసోడ్ నుంచి కథ చెప్పాల్సి వచ్చిందట, ఇంకా వంతెన దగ్గరికి రాలేదట.