బాటలో మన చోటు



గృహిణి యనగా వంటయింటికిని వాకిటికిని నడుమ తిరుగునది యని తలచిన దినములు గతించినవి. నేడు బిడ్డను బడిలో దింపి, అచ్చటినుండి కార్యాలయమునకు బోయి, మరలివచ్చుచు కూరగాయలు కొని, సాయంకాలము అత్తగారిని వైద్యునియొద్దకు గొనిపోవుట యనునవన్నియు ఒక్క స్కూటరుమీదనే జరుగుచున్నవి. వంటను, కుట్టుపనిని, శిశుపోషణమును గూర్చి వ్రాయుటకు మాకు హక్కున్న యెడల, దినదినమును మన ప్రాణములను మోయుచున్న ఈ వాహనమును గూర్చి వ్రాయుటకును హక్కున్నది. కావున బాటమీద స్కూటరు నడుపువారి చోటు ఎక్కడ యను ప్రశ్నను ఈ మాసమున ఎత్తుకొనుచున్నాము.

ఈ ప్రశ్న చిన్నది కాదు. కేంద్ర ప్రభుత్వమువారు ప్రకటించిన లెక్కలను బట్టి 2022వ సంవత్సరమున మన దేశపు రహదారులపై 1,68,491 మంది ప్రాణములు గోల్పోయిరి. అందు నూటికి 44 మందికి మించి మోటారు ద్విచక్రములపై బోవుచున్నవారే. హెల్మెట్టు ధరింపక మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది నడుపువారు కారు, వెనుక గూర్చుండినవారు. ఈ యంకెలను జూచి భయపడి స్కూటరును మూలబెట్టుడని మేము చెప్పబోము. స్కూటరు స్త్రీకి కాళ్లనిచ్చినది. ఆ కాళ్లను మరల కట్టివేయుట పరిష్కారము కాదు. చక్కగా నడచుట నేర్చుకొనుటయే పరిష్కారము.

ఆడపిల్ల తొలిసారి స్కూటరుపై వీథిలోనికి బోవునప్పుడు గుమ్మమున నిలిచి మనమందరమును చెప్పు మాట యొక్కటే: “ఓరగా పోవమ్మా, జాగ్రత్త!” ఈ మాటలో ప్రేమ నిండుగా నున్నది, జ్ఞానము మాత్రము సగమే యున్నది. పుట్టినది మొదలు ఆడపిల్లను ఒదిగియుండుమనియు, ఒకరి దారికి అడ్డురావలదనియు చెప్పుచు వచ్చితిమి. ఆ యలవాటునే ఆమె బాటమీదికిని గొనిపోవుచున్నది. వెనుకనున్న కారువాడు ఒక్కసారి హారను మ్రోగించిన చాలును, తానేదో తప్పు చేసినట్లు బెదరి, తారురోడ్డు విడిచి మట్టిలోనికి దిగిపోవును. అచ్చట ఏమున్నదో చూచుకొనదు. రోడ్డునకును మట్టికిని నడుమ జేనెడు దిగుడుండవచ్చును. ఇసుక మేటవేసి యుండవచ్చును. మూతలేని కాలువ యుండవచ్చును. దిగుటకంటె మరల నెక్కుటయందే అపాయము హెచ్చు. చక్రము ఆ యంచును ఏటవాలుగా రాచుకొని జారి, నడుపుచున్నదానిని సరిగా వెనుక వచ్చుచున్న వాహనము ముందరనే పడవేయును. పొరపాటున మట్టిలోనికి దిగితిమేని, తొందరపడి ఎక్కజూడక, వేగము బాగుగా తగ్గించి, అంచు తక్కువగా నున్న తావున నిదానముగా ఎక్కవలెను.

మన దేశమున ఎడమప్రక్కగా సాగవలెననియు, ముందున్న వాహనమును దాని కుడివైపునుండి దాటవలెననియు నిబంధన. ఎడమప్రక్క యన్నంత మాత్రమున కాలువగట్టు అని యర్థము కాదు. మన రహదారులలో వాహనములు సాగుటకు గీతలు గీసి విభజించిన వరుస, అనగా లేను, సాధారణముగా మూడున్నర మీటర్ల వెడల్పుండును. స్కూటరు వెడల్పు ఒక్క మీటరునకు లోపే. కావున ఒకే వరుసలో మనకు ఎడమపట్టె, నడిమిపట్టె, కుడిపట్టె యని మూడు చోట్లున్నవి. వీనిలో ఏది యెల్లప్పుడును మంచిదని యడిగిన, అట్టిది లేదనియే చెప్పవలెను.

ఎడమపట్టెలో నున్న యెడల వేగముగా బోవు వాహనములకు ఎడము కలుగును. కాని నిలిపియుంచిన కారు తలుపు హఠాత్తుగా తెరచుకొనుట, అంగడినుండి మనిషి దిగుట, సందులోనుండి కుక్క పరుగెత్తివచ్చుట మొదలగునవన్నియు ఆ ప్రక్కనే జరుగును. కార్లు బారులుతీరి నిలిచిన వీథిలో వానికి ఒక మీటరునకు తక్కువ గాని దూరమున సాగవలెను. నడిమిపట్టెలో నిలిచిన, వరుస మనదని వెనుకవారికి తెలియును. కాని కూడళ్లయొద్ద వాహనములాగు తావున చమురు కారి నేల నున్నగా నుండునది ఆ నడుమనే. కుడిపట్టెలో నున్న యెడల ముందున్న కారువాని కుడి యద్దములో బాగుగా కనబడుదుము. కాని రెండే వరుసల రోడ్డుమీద ఎదుటినుండి మరియొక వాహనమును దాటుచు వచ్చు బస్సునకు మనమే దగ్గర. కావున నిమిషనిమిషమును మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ముందున్నది నాకు కనబడుచున్నదా? నేను ఇతరులకు కనబడుచున్నానా? తప్పుకొనవలసివచ్చిన చోటున్నదా? మూటికిని “ఔను” అను జవాబు వచ్చు పట్టెయే ఆ నిమిషమునకు మన చోటు.

మలుపులయందును ఇదే సూత్రము. కుడికి తిరుగు మలుపున ఎడమపట్టెలో నుండిన చూపు దూరము పారును. ఎదురు వాహనమునకు ఎడమును కలుగును. ఎడమకు తిరుగు మలుపున నడుమ నుండుట మేలు. కుడికి జరిగిన ఇంకను దూరము కనబడును గాని, మలుపును గోసికొనుచు వచ్చు లారీకి ఎదురుబడుదుము.

లారీ మాట వచ్చినది గనుక దానినే చెప్పుదము. లారీ నడుపువాడు కుడివైపున ఎత్తుగా గూర్చుండును. ఎడమ తలుపు క్రింద, ముందు బంపరునకు చేరువను, బండికి సరిగా వెనుకను ఉన్నది అతనికి కానరాదు. అతని యద్దములో అతని ముఖము మనకు కనబడకున్న, మనమును అతనికి కనబడము. ఈ యొక్క గురుతును మన పిల్లలకు వల్లెవేయింపవలెను. పొడవైన వాహనము ఎడమకు తిరుగునప్పుడు మొదట కొంత కుడికి జరిగి తరువాత తిరుగును. ఆ ఖాళీని జూచి త్రోవ దొరికినదని లోనికి జొచ్చుట మృత్యువు నోట జొచ్చుటయే. ఏలయన, వెనుక చక్రములు ముందు చక్రముల దారిని రావు. అంతకంటె లోపలిగా, సరిగా మనము నిలిచిన తావుమీదుగా వచ్చును. కూడలిలో బస్సునకును కాలిబాటకును నడుమ దూరుటకంటె దాని వెనుక అర నిమిషము నిలుచుట మేలు.

ఇక దూరమును గూర్చి. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బోవు స్కూటరు ఒక్క సెకనులో 11 మీటర్లు సాగును. అపాయమును జూచి చేయి బ్రేకుమీద పడునప్పటికే ఆ సెకను గడచును. తరువాత ఆగుటకు, నేల పొడిగా నున్నప్పుడే, ఇంచుమించు మరి 10, 12 మీటర్లు పట్టును. వేగము రెట్టింపైన, బ్రేకు పడిన పిదప సాగు దూరము రెట్టింపు కాదు, నాలుగింతలగును. కావున ముందు వాహనము ఒక స్తంభమును దాటినప్పటినుండి మనము దానిని చేరువరకు రెండు సెకనులకు తక్కువ గాని యెడము ఉంచవలెను. వానలో దానిని రెట్టింపు చేయవలెను. బ్రేకు వేయునప్పుడు వెనుకదానితో గూడ ముందు బ్రేకును నిదానముగా బిగింపవలెను; బండిని ఆపు బలములో పెద్దభాగము ముందు చక్రమునదే. ముందు బ్రేకును ముట్టరాదని బోధించువారు మేలు కోరియే చెప్పుదురు గాని, ఆ మాట సరికాదు.

నేలను చదువుట మరియొక విద్య. తొలకరి చినుకులకు దుమ్మును చమురును గలసి రోడ్డు సబ్బువలె నగును. రంగు గీతలును, ఇనుప మూతలును తడిసిన నునుపెక్కును. రైలు పట్టాలను ఏటవాలుగా గాక అడ్డముగా దాటవలెను. కోతల కాలమున మన పల్లెలలో సగము రోడ్డుమీద ధాన్యము ఆరబోయుట మామూలు. గింజలమీద చక్రము గోలీలమీద వలె జారును. రాత్రివేళ కుప్పల చుట్టు పెట్టిన రాళ్లు కానరావు. ధాన్యము నారబోయువారు మన సోదరీమణులే కావచ్చును. వారికిని ఒక మాట: పంట దాచుకొనుట ఎంత ముఖ్యమో, చీకటిపడకముందే ఆ రాళ్లను తీసివేయుటయు అంత ముఖ్యము.

బాట మన యొక్కరిదే కాదు. ఆటో నడుపువాని జీవనము చేయెత్తినవారియొద్ద ఆగుటలో నున్నది. కావున అతడు హఠాత్తుగా ఆగునని యెరిగి యెడముగా నుండవలెను. ఆగిన బస్సు ముందునుండి మనిషి దాటునని తలంచియే దానిని దాటవలెను. తిరుగదలచినప్పుడు ముందుగా అద్దము చూచి, ఇండికేటరు వేసి, భుజముమీదుగా ఒక్కసారి వెనుకకు చూచి, పిమ్మట తిరుగవలెను. తిరిగిన పిదప ఇండికేటరు నార్పుటయు మరువరాదు. అర కిలోమీటరు చుట్టు తప్పునని ఎదురుదారిని బోవుట మనలోను చాలమంది చేయుచున్న తప్పే. బిడ్డను వెనుక గూర్చుండబెట్టుకొని చేసిన తప్పు, బిడ్డకు నేర్పిన పాఠమగును. ముసలివారు రోడ్డు దాటుచున్నప్పుడు ఆగుట చేతగానితనము కాదు, మర్యాద. కార్లు నడుపు పురుషులు ఈ పుటను చదివినచో వారికిని మా మనవి యిదే: స్కూటరును దాటునపుడు మరియొక కారును దాటునట్లే ఎడమిచ్చి దాటుడు. ఆమె నడుమ సాగుట పొగరు కాదు. అంచున గుంత యుండవచ్చును.

వెనుక గూర్చుండువారి సంగతి చాలమంది యిండ్లలో తలపునకే రాదు. భర్త తలకు హెల్మెట్టు, భార్య ఒడిలో కూరల సంచి. ఈ దృశ్యము నిత్యము చూచుచున్నదే. నేలకు ఇద్దరి తలలును ఒక్కటియే. చట్టమును నాలుగేండ్లు దాటినవారందరును హెల్మెట్టు ధరింపవలెననుచున్నది. ఐ.ఎస్.ఐ. ముద్ర గలదానిని కొని, గడ్డము క్రింది పట్టీ బిగింపవలెను. పట్టీ లేనిది పడుటకు ముందే యెగిరిపోవును. నాలుగేండ్లలోపు శిశువును నడుపువారికి కట్టు పట్టీతో కట్టి, హెల్మెట్టు పెట్టి, 40 కిలోమీటర్ల వేగమునకు మించక పోవలెనని 2023 ఫిబ్రవరి నుండి నిబంధన యున్నది. చీరకొంగును, చున్నీని నడుమునకు దోపి ముడివేయక బండి యెక్కరాదు. చక్రమున చిక్కిన గుడ్డ మెడను లాగిన ఉదంతములు విననివారు లేరు. వెనుక చక్రమున సగమునకు తక్కువ గాకుండ కప్పు తడిక యుండవలెనని 1989 నాటి నియమావళిలోనే కలదు. అందము చాలదని దానిని తీయించుట తగదు.

పదునెనిమిదేండ్లు నిండని కొడుకునకు ముద్దుగా తాళపుచెవి నిచ్చు తల్లులకొక మాట. గేరులేని 50 సి.సి. బండికి మాత్రమే పదునారేండ్లకు అనుమతి దొరకును. నేడు మన యిండ్లలోని స్కూటర్లు సామాన్యముగా 110, 125 సి.సి. వి. మైనరు చేసిన నేరమునకు తల్లిదండ్రులకే మూడేండ్ల కారాగారమును, 25,000 రూపాయల జరిమానాయును 2019 నాటి సవరణలో నున్నవి. జరిమానా కట్టవచ్చును, కొడుకును తిరిగి తేలేము.

లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వలె బండి త్రిప్పి చూపుదుము. అది తూకమును పరీక్షించును గాని, బాటను చదువుట నేర్పదు. అది నేర్పవలసినది ఇంటివారే. ఆదివారము ఉదయమున ఖాళీ మైదానమునకు బోయి, బ్రేకు వేయుటను, భుజముమీదుగా చూచుటను చేయి మరగువరకు అభ్యసింపుడు. పిమ్మట కూతురు గుమ్మము దాటునప్పుడు “ఓరగా పో” అనుటకు మారుగా “కనబడుచు పోవమ్మా, చూచుచు పోవమ్మా” అని చెప్పుడు. ఒదిగియుండుట ఇంటిలో ఎంతవరకు గుణమో మరియొకప్పుడు చర్చింతము. బాటమీద మాత్రము కనబడుటయే రక్ష.