మైకు వదిలాక తేలే లెక్క

పాస్టరు గారి పరిచర్య స్వర్ణోత్సవానికి కట్టే ఫ్లెక్సీల్లో లెక్కలు ఘనంగానే ఉంటాయి: ఎన్ని మందిరాలు కట్టారు, ఎందరికి బాప్తిస్మమిచ్చారు, ఎన్ని దేశాలు తిరిగారు. వయసు మళ్లిన సేవకుడి విజయం ఈ లెక్కలకు అందదు. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్యనే తీసుకోండి. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన ఆయన, బాప్తిస్మం పొందినవాళ్లను తమ తల మీద చెయ్యి పెట్టుకోమని చెప్పి, సువార్త ప్రకటించే భారం తమదేనని వాళ్ల చేత పలికించేవారు. పని తన గుప్పిట్లో దాచుకోకుండా పొలం కూలీల చేతికే అప్పగించారు. సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో ఆయనా తోటివారూ మొదలుపెట్టిన ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. అజరయ్య 1945 జనవరి 1నే కన్నుమూశారు. తాను చూడబోని రోజు కోసం చివరిదాకా పాటుపడటమే నాయకత్వం. చాలాచోట్ల మైకు వదలడానికి పెద్దలకు మనసు రాదు. వదిలినా అది కొడుకు చేతికో అల్లుడి చేతికో పోతుంది. సంఘమేమీ పిత్రార్జితం కాదు కదా! డెబ్బై దాటిన నాయకుణ్ణి రెండే అడగాలి. మీరు తీర్చిదిద్దినవాళ్లలో మీతో విభేదించాక కూడా మీ గడప తొక్కేవాళ్లు ఉన్నారా? కొత్త పాస్టరు ఆరాధన క్రమం మార్చేస్తే, వెనక బెంచీలో కూర్చుని మనస్ఫూర్తిగా ఆమెన్ అనగలరా? రెంటికీ ఔననగలిగితే, ఊళ్లో ఒక్క ఫ్లెక్సీ లేకపోయినా ఆయన గెలిచినట్టే.